తరవాణి కుండ

గవరయ్యకి కడుపులో మంట పట్టుకుని ఏళ్లయింది. తిన్నది ఇమడదు. అప్పుడప్పుడు నెత్తురు కూడా పడేది. అతని తండ్రి పెద్దపేగులో కంతి లేచి పోయాడు. నాకూ అదే రాసిపెట్టి ఉందని గవరయ్య సగం ప్రాణంతో తిరిగేవాడు.

పట్నం డాక్టరు గొట్టం వేసి చూశాడు. కంతి లేదన్నాడు. పేగు వాచి ఉంది, ఈ వాపును ఇలాగే వదిలేస్తే మంచిది కాదు, మందు మానకు అన్నాడు. గవరయ్యకి అది చాల్లేదు. ఇదంతా క్రిముల పనేనని, కడుపులో ఉన్న వాటన్నిటి మీదా కక్ష కట్టి, ఆ కక్షతోనే ఏటిగట్టున పరిపూర్ణయ్య గురువుగారి కుటీరానికి వచ్చాడు.

"లోపల ఒక్క పురుగు మిగలకూడదండీ. ఆముదం తాగుతున్నాను. డాక్టరుకి చెప్పకుండా క్రిములు చచ్చే బిళ్ళలు కొనుక్కుని మింగుతున్నాను. ఇంకేం చెయ్యమంటారు?"

"ముందు అన్నం తిను నాయనా."

మూలనున్న తరవాణి కుండలోంచి పులిసిన గంజి తీసి, చద్దన్నంలో పోసి, ఉల్లిపాయతో పెట్టారు. గవరయ్య వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. గురువుగారు ఆ గిన్నె తనవైపు లాక్కుని తృప్తిగా తినేశారు.

గవరయ్య ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. మర్నాడు గురువుగారు ఏటికి వెళ్లి వచ్చేసరికి కుండ ఎండలో బోర్లించి ఉంది. ఎవరూ ఆ కుండని అలా తోమరు. అడుగున కాస్త పులుపు ఉంచి, దాని మీదే కొత్త గంజి పోస్తారు. గవరయ్య గురుసేవ కదా అని బూడిదతో రుద్ది, సలసల కాగే నీళ్లు పోసి మరీ కడిగాడు.

"చుక్క మిగల్చలేదండీ!" అన్నాడు గర్వంగా.

"బాగా కడిగావు" అన్నారాయన. ఆ కుండలోనే గంజి పోశారు.

రోజు గడిచి మూత తీస్తే గంజి తీగలు సాగుతోంది. ఒకటే కంపు.

"ఇదెక్కడి చోద్యం! ఒక్క పురుగుని కూడా ఉంచలేదే!"

"అందుకే" అన్నారు గురువుగారు.

చెంబు తీసుకుని కుమ్మరి నరసమ్మ గుమ్మం ముందుకి వెళ్లి నిలబడ్డారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి చెయ్యి చాచడం చూసి గవరయ్యకి తల కొట్టేసినట్టయింది.

"కాస్త తరవాణి పొయ్యి తల్లీ."

"ఇదేటి సామీ! మీ కుండలోదే కదా అప్పట్లో మా యమ్మ తోడుకి అట్టుకొచ్చింది!"

"ఇప్పుడు మీది మాకు కావాల్సొచ్చిందమ్మా."

కంపు గంజి పారబోసి, కుండ కడిగి, కొత్త గంజిలో అది కలిపారు. మర్నాటికి కుటీరమంతా కమ్మటి పుల్లవాసన. ఈసారి గవరయ్య ముక్కు మూసుకోలేదు. గిన్నె ఎత్తి మెల్లగా తాగాడు. గొంతు దిగుతుంటే ఎందుకో ప్రాణానికి హాయిగా ఉంది.

"ఇది తాగితే మా నాన్నకొచ్చింది నాకు రాదాండీ?"

"రాదని నేనెలా చెప్పను? లోపలి మంట కాస్త చల్లారొచ్చు. డాక్టరు మందు మాత్రం మానకు."

గవరయ్య జేబు తడుముకున్నాడు. "మరి నేను కొనుక్కున్న బిళ్ళలు?"

గురువుగారు నవ్వి, కుండ అతని ముందుకి జరిపారు.

"మళ్లీ కడుగుతావా?"