పక్క సీటు

దస్తగిరికి ఎంత ఆలోచించినా తన తప్పేమిటో అంతుపట్టలేదు.

పంతొమ్మిదేళ్ల కుర్రాడు. కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు. దర్గా జీపుకు ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించాడు. నేర్చుకునేవాడు ఒంటరిగా నడపకూడదన్నారని, దర్గా పెద్ద, తన గురువు వలీ సాహెబును పక్కన కూర్చోబెట్టుకుని మరీ సంతకు బయల్దేరాడు. బియ్యం వేసుకుని తిరిగొస్తుంటే దారిలో ఇన్‌స్పెక్టర్ ఆపాడు.

"పక్కనున్న పెద్దాయనకు లైసెన్సుందా?"

"ఆయన మా గురువు సార్!"

"నేనడిగింది లైసెన్సు."

జీపు స్టేషనుకు పోయింది. నడిపినందుకు దస్తగిరి మీదా, బండి ఇచ్చినందుకు యజమాని వలీ సాహెబు మీదా కేసు రాశారు. తన వల్ల గురువు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందని దస్తగిరికి అన్నం సయించలేదు.

"తోడుండాలన్నారు. మీకన్నా మంచి తోడెవరుంటారు హజ్రత్? ఇంతమందికి దారి చూపించినారు. నిన్నగాక మొన్న లైసెన్సు కార్డు తెచ్చుకున్నోడు మీకన్నా ఎక్కువా?"

వలీ సాహెబు టీ తాగుతూ విన్నారు.

"మీరు వద్దన్నా వినకుండా నేనే బండి తీసినానని కోర్టులో చెప్తా. మీ మీద మాట రాదు."

ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి లేచారు. అది ఔననో కాదనో తెలియక కుర్రాడు తల పట్టుకున్నాడు.

మర్నాడు మేజిస్ట్రేటు పిలవగానే, దస్తగిరి నోరు తెరిచేలోపే వలీ సాహెబు ముందుకొచ్చారు.

"తాళంచెవి ఇచ్చింది నేను. పక్కన కూర్చున్నదీ నేనే."

ఇద్దరికీ జరిమానా పడింది. దస్తగిరికి ఏడుపొచ్చింది. ఆయన ఎందుకలా ఒప్పుకున్నారో అసలు అర్థం కాలేదు.

జీపు విడిపించుకునే వేళకు స్టేషను ముందు జీనత్ నిలబడి ఉంది. గురువే కబురు పెట్టారట. బడిలో టీచరు, జీపు నడిపే లైసెన్సున్న మనిషి. దర్గాకు మాత్రం కొత్త. ప్రార్థనలు ఇంకా దస్తగిరి దగ్గరే నేర్చుకుంటోంది.

వలీ సాహెబు ముందు తలుపు తీసి, "కూర్చో అమ్మా" అన్నారు. తాను వెనక్కి వెళ్లి బియ్యం బస్తాల మధ్య సర్దుకున్నారు.

దస్తగిరి బండెక్కలేదు.

"మీరు వెనకాలా హజ్రత్? మీ చోట్లో జీనతా?"

"బ్రేకు ఎక్కడుందో నాకు తెలీదు బిడ్డా" అన్నారాయన.

దస్తగిరి డ్రైవరు వైపు తలుపు తీశాడు. ఎక్కి కూర్చుని, జీనత్ వైపు తిరిగాడు.

"బయల్దేరమంటారా?"