సున్నపు మాత గుడిలో కాచిన ద్రాక్ష

పూర్వం ఇటలీ దేశపు వాయవ్యసీమలో, మంచుకొండల దిగువన బారులు తీరిన గుట్టల నడుమ, రోసనెల్ల అనే గ్రామంలో జూస్తీన అనే వృద్ధ వితంతువు తన బర్బేరా ద్రాక్షతీగలనే కన్నబిడ్డలుగా భావించి జీవిస్తూ ఉండేది. ఆ తీగ కోరేది స్వల్పం, ఇచ్చేది పుష్కలం. దాని కెంపువన్నె మధువు కొంత పుల్లనిదే అయినా, శ్రమజీవుల రొట్టెకు ప్రతిదినమూ తోడై నిలిచేది.

ఆ సీమనేలే ఒద్దోనె ప్రభువు ఒకనాడు దానిని రుచి చూచి, మొగం చిట్లించి, "ఓసీ, ఇది మధువా? దీనితో నా గుర్రాల డెక్కలు కడిగించు!" అని ఎకసెక్కమాడి, గుట్టపైన తాను మొక్కుకొని కట్టిస్తున్న మేరీమాత గుడి పూర్తయి గంట మ్రోగిన క్షణమే ఆ తోటను పెరికించి, రాజయోగ్యమైన ద్రాక్షను నాటవలెనని ఆజ్ఞాపించాడు.

గోడలు మొలబంటి లేచాయో లేదో, అనావృష్టి దాపురించింది! మూడేండ్లు చినుకు లేదు. ప్రభువు తోటలు మాడిపోగా, జూస్తీన తీగలు మాత్రం పాతాళం దాకా వేళ్లు తన్ని, గుత్తులు గుత్తులుగా కాచాయి. సున్నం కలపడానికి నీరు లేక గుడి పని నిలిచిపోయింది. పని నిలిచినంతకాలమే తన తోట నిలుస్తుందని ఆమె ఎరుగనిది కాదు. అయినా మాత పండుగ పది దినాలుందనగా, కప్పు లేని గుడిలో మండుటెండలో నిలిచిన అమ్మ ప్రతిమను చూచి గుండె కరిగి, ఇంటనున్న మధువు పీపాలన్నీ గుడికి దొర్లించుకొని వచ్చింది.

తాపీ మేస్త్రీ పియెత్రో నివ్వెరపోయి, "అవ్వా, మతి పోయిందా? గుడి లేస్తే నీ తోట కూలుతుందే! పైగా పుల్లని రసంతో సున్నం పట్టునా?" అన్నాడు.

"అమ్మ ఎండలో ఉండగా నేను నీడలో కూర్చుంటానా, నాయనా? పట్టించేది ఆమె; నీవు కలుపు. సున్నానికి పోయవలసింది గొంతులో పోసుకొన్నావో, ఊరుకోను సుమా!"

గోడలు ఎర్రబారుతూ లేచాయి. పండుగనాడు గునపాలు పట్టిన భటులు తోటలో గంట కొరకు వేచి ఉండగా, జూస్తీన మొదటి తీగను కౌగిలించుకొని కన్నులు మూసుకొన్నది. గంటకు మారుగా కేక వినవచ్చింది! పియెత్రో గుట్ట దిగి పరుగెత్తుకొని వస్తూ, "అవ్వా! గోడ కాచింది! గోడ కాచింది!" అని అరుస్తున్నాడు. ఆహా, ఏమని వర్ణింతును! అమ్మ ప్రతిమ వెనుక తడి సున్నంలోనుండి తీగ సాగి, ఆకు తొడిగి, పూచి, కాచి, చూచుచుండగనే నల్లగా పండినదట! అతని వెనుకనే ప్రభువు, ఎర్రబడిన పెదవులతో, కాలినడకన వచ్చి మోకరిల్లాడు.

"అవ్వా, అదే పులుపు! కాని మూడేండ్ల నా దాహం తీరింది."

గునపాలు నేలకు జారాయి. నాటినుండి గుడిలోని ఆ తల్లి సున్నపు మాత అయినది. పిడికెడు మన్నైనా లేని ఆ ఎర్రగోడలో బర్బేరా తీగ నేటికీ కాస్తున్నది. ఏటేటా పండుగనాడు ఊరి మేస్త్రీ తొలి మధువును తాపీతో గోడ పాదాన చిలకరించిన పిమ్మట, ప్రభువు వంశీయుడు దోసిలిపట్టి త్రాగి మొగం చిట్లించగానే, జనమంతా ఒక్క గొంతుతో "అదే పులుపు!" అని జయజయధ్వానం చేస్తారు.