నెల్లాళ్ల వీణ

ఏ రాజుల కాలమో చెప్పలేను గానీ, వీణలు చేసే గవరమ్మ అని ఒకామె ఉండేది. ఆమె చేసిన కొత్త వీణను తొలిరోజు ముట్టుకోగానే ఆస్థాన విద్వాంసుడు భైరవశాస్త్రి "ఇది వీణా, రోలా?" అని ఈసడించాడు. నెల్లాళ్లు వాయించాక నిండు సభలో వీణ ఒళ్లో పెట్టుకుని మీటి, తేనెలా పలుకుతోందని మాట మార్చాడు.

"మహారాజా, ఈ మొద్దు కర్రను నా వేళ్లే పండించాయి. ఇందులో ఈమె పనితనం ఏముంది? వీణల కర్రకని ఈమెకిచ్చిన పనసతోట నాకిప్పించండి."

తోట పోతే గవరమ్మకు కర్ర లేదు, కర్ర లేకపోతే కూడు లేదు. రాజు అప్పుడే తల ఊపబోతున్నాడు.

"శాస్త్రులవారూ, మీ ఒళ్లో ఉన్నది నిజంగా తేనెలా పలుకుతోందా?" అంది గవరమ్మ.

"సందేహమా! ఆనాటి రోలేనా ఇది అనిపిస్తోంది."

గవరమ్మ మూట విప్పింది. అచ్చం అలాంటిదే ఇంకో వీణ, ఒళ్లంతా శాస్త్రి ముక్కుపొడి మరకలతో.

"మీరు నెల్లాళ్లు వాయించింది ఇదయ్యా. మెట్లు సరిచేయమని నిన్న మా ఇంటికి పంపారు కదా. మీ ఒళ్లోది దీని కవల, ఒకే మానులో తొలిచాను. మీ వేళ్ల గొప్ప చెవినపడి, ఈ పొద్దునే తీగలు కట్టి దీని బదులు మీకు పంపాను."

విద్వాంసుణ్ణి ఏమార్చినందుకు తల పోవచ్చని గవరమ్మకు తెలుసు.

"మరి ఆ తీపి ఎక్కడిది?" అన్నాడు రాజు.

"మొదటినుంచీ ఉంది మారాజా. పండింది కర్ర కాదు, అయ్యగారి చెవి. కర్రను పండించినందుకు ఆయన తోట అడిగారు. చెవిని పండించినందుకు నేనేం అడగను?"

రాజు పకపకా నవ్వాడు. శాస్త్రి మళ్లీ తోట ఊసెత్తితే ఒట్టు.