రేవుదిబ్బ నాలుగు రుచులు

అనగా అనగా, పొలాల హద్దులు తాటాకుల మీద కాక మనుషుల నాలుకల మీద ఉండే కాలంలో, మొగలేరు అని ఒక పట్టణం ఉండేది.

నాలుకల మీద హద్దులేమిటి అంటారేమో, చెబుతాను వినండి. ఆ పట్టణంలో ఊరుమ్మడి నేలకు నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతేవారు. పాతే రోజున చిన్నపిల్లల్ని వెంట తీసుకువెళ్ళేవారు. రాయి దగ్గర ఒక రుచి నాలుకకు తగిలించేవారు. ఒకచోట పులుపు, ఒకచోట ఉప్పు, అలా. అదే వస్తువును మట్టి పిడతలో వేసి, లక్కతో మూతి మూసి, రాయి కింద పూడ్చేవారు.

పెద్దలు పోతారు. రాళ్ళు వరదకు పోతాయి. ఆ పిల్లలు మాత్రం ముసలివాళ్ళయ్యాక కూడా వచ్చి, "ఇదిగో, ఇక్కడే నాకు పులుపు పెట్టారు" అని చూపిస్తారు. తవ్వితే పిడతలో చింతపండు దొరుకుతుంది. అంతటితో తగువు తీరిపోతుంది.

మొగలేరుకు ఒక పక్క పెద్ద ఏరు. ఏటికి అవతల కొలిమిపాడు. రెండు ఊళ్ళ మధ్య ఒకప్పుడు పడవ తిరిగేది. ఒక ఏడు వచ్చిన వరదకు రేవు మెట్లు కొట్టుకుపోయాయి.

"మెట్లు పోయింది మీ వైపు. మీరే కట్టుకోండి" అన్నారు కొలిమిపాడువారు.

"పడవ మీది. మీరే కట్టండి" అన్నారు మొగలేరువారు.

ముందు నోరు తెరిచి అడిగిన ఊరు తల వంచినట్టేనని రెండు ఊళ్ళ సభలూ బిగుసుకుని కూర్చున్నాయి, ఏరు దాటవద్దని తమవాళ్ళకు కట్టడి కూడా పెట్టాయి. చూస్తుండగానే నలభై ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ నలభై ఏళ్ళూ మొగలేరులో తిరిపాలమ్మ అనే ఆవిడ పొద్దు వాలే వేళకు ఏటి గట్టున నిలబడేది. ఆమె నేస్తురాలు ఓబుళమ్మ అవతలి ఊరికి కోడలిగా వెళ్ళింది. వయసులో రెండేళ్ళు పెద్దది, అందుకని ఓబుళక్క అని పిలిచేది. అవతలి గట్టున ఎవరో బట్టలు ఆరేస్తూ కనబడితే తిరిపాలమ్మ చెయ్యి ఊపేది. ఒక్కోసారి అటునుంచీ చెయ్యి ఊగేది. అది ఓబుళక్కో, మరెవరో, అంత దూరానికి తెలిసేది కాదు. అయినా ఆ రోజు ఇంటికి తేలిగ్గా నడిచి వచ్చేది.

తిరిపాలమ్మకు అరవై ఏడో ఏడు వచ్చింది. దాంతోపాటు ఒక దిగులూ వచ్చింది. మాటలు జారిపోతున్నాయి. గుర్తుండాలని కొంగుకు ముడి వేసుకునేది. సాయంత్రానికి ముడి అలాగే ఉండేది, ఎందుకు వేసిందో మాత్రం గుర్తుండేది కాదు. అది సరే, దానికి నవ్వుకునేది. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. ఓబుళక్క మొహం గుర్తుంది, గొంతు గుర్తు రావడం లేదు. ఎంత చెవులు రిక్కించి లోపలికి విన్నా ఆ గొంతు వినబడడం లేదు.

"ఇవాళ గొంతు పోయింది. రేపు మొహం కూడా పోతుందేమో. అంతలోగా ఒక్కసారి చూస్తే చాలు" అనుకునేది.

అలా ఉండగా పట్టణసభకు ఒక ఆలోచన వచ్చింది. ఏటి ఒడ్డున కొత్త రేవు కట్టి, పక్కనే సంత పెడితే ఊరు బాగుపడుతుందని. రేవుకు తగిన చోటు ఒక్కటే ఉంది, రేవుదిబ్బ. వరదలకు అందని గట్టి నేల.

సభకు పెద్ద కొండలరాయుడు. ఆయన నేలను గురించి మాట ఎత్తాడో లేదో, మణిగుప్తుడనే వర్తకుడు లేచి నిలబడ్డాడు.

"రేవుదిబ్బ మా తాతగారిది. ఊరి మేలు కోసం ఇస్తాను. బదులుగా ఊరి పశువుల బీడు నాకు వదిలెయ్యండి చాలు" అన్నాడు.

"బీడు ఇచ్చేస్తే మా గొడ్లు ఏం తింటాయి? మీ మాటలు మేస్తాయా?" అని వెనక నుంచి పశువులవాళ్ళు గోల పెట్టారు.

కొండలరాయుడు చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. "దిబ్బ పక్కనే ఊరుమ్మడి ఏటిపొలం ఉంది. దాని హద్దు దిబ్బకు ఇవతలే ఆగిందా, దిబ్బను కలుపుకుని ఏటిదాకా పోయిందా? ఇవతల ఆగితే దిబ్బ గుప్తుడిదే, కొనుక్కోవలసిందే. అవతలదాకా పోతే మన నేలను మనమే కొనడమేమిటి? నాలుక సాక్షి ఎవరైనా ఉన్నారా?"

రాళ్ళు ఎప్పుడో వరదకు పోయాయి, వాటిని పాతిన పెద్దలూ పోయారు. ఊరంతా వెతికితే ఒక్క తిరిపాలమ్మ మిగిలింది.

మొదటి సభ కూడింది. తిరిపాలమ్మ ఏటిపొలంలో బండిబాట వెంట నడిచింది. ఒకచోట ఆగి, "ఇక్కడ నాకు పులుపు పెట్టారు" అంది. తవ్వారు. పిడత దొరికింది, అందులో నల్లబడిన చింతపండు. ఇంకొంత దూరం పోయి, "ఇక్కడ ఉప్పు" అంది. తవ్వారు. ఉప్పుగల్లు దొరికింది.

"శభాష్! మిగిలిన రెండూ ఎక్కడ?" అన్నాడు కొండలరాయుడు.

తిరిపాలమ్మ ఏటివైపు చూసింది. కళ్ళు మూసుకుంది. నాలుకను పెదవుల మీద ఆడించింది.

"తెలియడం లేదయ్యా. ఆ రోజు చాలాసేపు నడిచాం. ఓబుళక్క నా చెయ్యి పట్టుకుని ఉంది. ఎక్కడో ఆమె ఏడ్చింది కూడా. కానీ నా నాలుక మీద ఏమీ లేదు. మరిచిపోయాను."

"అవ్వా, పొద్దున తిన్న కూరేమిటో గుర్తుందా?" అన్నాడు సింగన్న అనే సభ్యుడు. అందరూ నవ్వారు.

"కూర తినలేదు నాయనా, పచ్చడే" అంది తిరిపాలమ్మ. మళ్ళీ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు.

రెండో సభకు మణిగుప్తుడు ఒక ముసలాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు దోసులయ్య.

"రాళ్ళు పాతిన రోజున నేనూ ఉన్నాను. నాలుగు రుచులూ నా నాలుక మీద నిన్నటిలా ఉన్నాయి. పులుపు, ఉప్పు, తీపి, చేదు!" అని గడగడా చెప్పాడు. మూడో చోటూ నాలుగో చోటూ చూపించాడు. రెండూ దిబ్బకు ఇవతలే. తవ్వితే రెండు పిడతలూ దొరికాయి. ఒకదాంట్లో బెల్లం, ఒకదాంట్లో వేపబెరడు. సింగన్న బెల్లం ముక్క చప్పరించి, "తీపే" అని తల ఊపాడు.

"అన్నా, ఆ రోజున నిన్ను చూసినట్టు లేదే" అంది తిరిపాలమ్మ నెమ్మదిగా.

"నీకు ఏం గుర్తుందని నేను గుర్తుండడానికి?" అన్నాడు దోసులయ్య.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నిజమేనేమో. అతను ఉండే ఉంటాడు. తీపీ చేదూ తనకూ పెట్టే ఉంటారు. తనకే ఏమీ మిగలలేదు.

మర్నాడు పొద్దున్నే మణిగుప్తుడు ఆమె అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"పిన్నీ, సభలో ఒక్క మాట చెప్పు. 'అవును, ఇప్పుడు గుర్తొచ్చింది, దోసులయ్య చెప్పినవే' అను. మూడు నెలల్లో రేవు లేస్తుంది. మొదటి పడవలో నిన్నే ఎక్కిస్తాను. కొలిమిపాడులో నీ ఓబుళక్క ఇంటి ముందు దింపుతాను. లేదంటావా, ఈ తగువు ఇంకో పదేళ్ళు సాగుతుంది. పదేళ్ళకు నువ్వుంటావో, ఆమె ఉంటుందో, ఉన్నా ఒకరినొకరు ఆనవాలు పడతారో!"

అతను వెళ్ళాక తిరిపాలమ్మ అరుగు మీదే కూర్చుంది. ఒక్క మాట. అందరూ మతిలేనిది అనుకుంటున్న ముసలిది ఒక్క మాట అంటే ఎవరు తప్పు పడతారు? అటుపక్క మెట్లు ఎక్కుతున్నట్టు, ఓబుళక్క గుమ్మంలోంచి తొంగి చూస్తున్నట్టు అనిపించింది. ఆ గుమ్మం కనబడుతోంది, ఆ మొహం కనబడుతోంది. "వచ్చావా" అని ఆ నోరు కదులుతోంది. గొంతు మాత్రం లేదు.

మూడో సభ కూడింది. కొండలరాయుడు అడిగాడు. "తిరిపాలమ్మా, దోసులయ్య చెప్పిన తీపీ చేదూ నీకు గుర్తొచ్చాయా?"

తిరిపాలమ్మ లేచింది.

"అయ్యా, ఈ ఊళ్ళో రేవు కావాలని నా అంతగా కోరుకునేవాళ్ళు లేరు. నాకు తెలిసింది పులుపూ ఉప్పూ. మిగిలినవి మరిచిపోయాను. మరిచిపోయినదాన్ని గుర్తొచ్చింది అంటే, నిజంగా గుర్తున్న ఆ రెండింటికి కూడా విలువ పోతుంది. నేను చెప్పలేను. ఆ రోజు ఓబుళక్క నా పక్కనే ఉంది. ఆమెను అడగండి."

మణిగుప్తుడి మొహం మాడిపోయింది. సభలో గుసగుసలు మొదలయ్యాయి.

"కొలిమిపాడును మనం ముందు పలకరించాలా? నలభై ఏళ్ళ పంతం!" అన్నాడు సింగన్న.

"నీ పంతం నీ దగ్గర పెట్టుకో బావా! నీ మెడ వంగకపోతే మా గొడ్లు మాడిపోవాలా?" అని పశువులు కాసుకునే ఒకావిడ గట్టిగా అరిచింది.

కొండలరాయుడు తలపాగా సవరించుకున్నాడు. తర్వాత తానే వెదురు తెప్ప ఎక్కి ఏరు దాటాడు. అవతలి ఊరి పెద్ద గట్టు మీదే ఎదురొచ్చాడు.

"ఎప్పుడు పలకరిస్తారా అని చూసి చూసి మా నాయన పోయాడు, నా జుట్టు నెరిసింది. కూర్చోండి, మజ్జిగ తాగుదురు గాని" అన్నాడు. పంతం ఆ మజ్జిగతో పోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి తెప్ప తిరిగి వచ్చింది. అందులో నడుము వంగిన ఒక ముసలావిడ. గట్టు మీద తిరిపాలమ్మ కదలకుండా నిలబడింది. మొహమంతా ముడతలు. ఆనవాలు పట్టలేకపోయింది.

"ఏమే తిరిపీ, నిలబడి చూస్తావేం? చెయ్యి అందించు! పడితే ఎముకలు ఏరుకోవాలి!"

ఆ గొంతు! నలభై ఏళ్ళుగా వినని, లోపల ఎంత వెతికినా దొరకని గొంతు అంత దగ్గరగా వినబడింది. తిరిపాలమ్మ నీళ్ళలోకి దిగిపోయి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ తడిసిపోయారు. సభవాళ్ళు చాలాసేపు ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారు.

తర్వాత ఓబుళమ్మను పొలంలోకి తీసుకువచ్చి అడిగారు. "అవ్వా, నాలుగు రుచులూ చెప్పగలవా?"

"నాలుగా? నాకు రెండే తెలుసు" అంది ఓబుళమ్మ.

"నువ్వూ మరిచిపోయావా అక్కా?" అంది తిరిపాలమ్మ, నీరసంగా.

ఓబుళమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరిచిపోవడమేమిటే పిచ్చిదానా! మొదటి రెండు రాళ్ళూ నీకు. చివరి రెండూ నాకు. అదే కదా ఆచారం! నాలుగూ ఒకరికే పెడితే, ఆ ఒక్కరూ అబద్ధమాడితే ఊరు మునుగుతుందని పెద్దవాళ్ళు అలా పంచి పెట్టేవారు. నీకు ఆరేళ్ళు, నీకేం తెలుసు. నాకు ఎనిమిదేళ్ళు. మా తాత నాకు చెప్పాడు. నువ్వు ఏదీ మరిచిపోలేదు. నీకు పెట్టనేలేదు."

తిరిపాలమ్మకు గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

ఓబుళమ్మ దిబ్బ ఎక్కింది. దిగింది. నీటి అంచున ఆగింది. "ఇక్కడ మిరియం పెట్టారు. నోరు మండి ఏడ్చాను. అదిగో, అక్కడ కరక్కాయ. దాంతో ఏడుపు ఆగింది, మూతి వంకరపోయింది."

తవ్వారు. ఒక పిడతలో మిరియాలు. రెండో దాంట్లో ఎండిన కరక్కాయ. రేవుదిబ్బ మొత్తం ఊరుమ్మడి నేలే.

అప్పుడు అందరూ దోసులయ్యవైపు తిరిగారు. ఇద్దరికి పంచిన రుచులు నాలుగూ ఇతని నాలుక మీదికి ఎలా వచ్చాయి? ఓబుళమ్మ అతని పిడతలోకి తొంగి చూసింది. "అరవై ఏళ్ళ బెల్లమా ఇది? ఇంకా ఇంత మెత్తగా ఉందే! ఎక్కడ కొన్నావో చెప్పు, మా ఇంటికీ తెప్పించుకుంటాం" అంది.

దోసులయ్య తల దించుకుని, పిడతలు పూడ్చింది మణిగుప్తుడేనని ఒప్పేసుకున్నాడు. నవ్వీ నవ్వీ సింగన్నకు పొలమారింది. ఆ బెల్లం చప్పరించి తీపే అన్నది తానేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

పశువుల బీడు పశువులకే మిగిలింది. కొత్త రేవుకు రాళ్ళు మోసే పని మణిగుప్తుడికీ దోసులయ్యకూ పడింది. మెట్లు రెండు ఊళ్ళూ కలిసి కడతామన్నాయి.

పొద్దు వాలింది. తెప్పవాడు గట్టు కింద నుంచి కేక వేశాడు. "అవ్వా, ఎక్కుతావా? గాలి మళ్ళుతోంది."

ఓబుళమ్మ తిరిపాలమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "నలభై ఏళ్ళ కబుర్లలో మొదటి ఏడాదివే ఇంకా కాలేదు నాయనా. నువ్వు వెళ్ళి రేపు రా."

"రేపు కాదు, ఎల్లుండి రా" అంది తిరిపాలమ్మ.

కాబట్టి పిల్లలూ, అన్నీ నాకు తెలుసన్నవాడి మాటకంటే, నాకు తెలిసింది ఇంతే అన్న మనిషి మాటనే నమ్మాలి. మిగిలింది ఇంకొకరి దగ్గర ఉంటుంది, పంతం విడిచి వెళ్ళి అడగాలి.