నెమిలిదుర్గం దిడ్డెమ్మ: వెనక వస్తున్నవాడి కథ

నల్లమల తూర్పు అంచున, కొత్తమిట్ట గ్రామానికి ఎగువన నిలిచిన కొండను నెమిలిదుర్గం అంటారు. బస్సు కొత్తమిట్ట దాకా వస్తుంది. అక్కడి నుంచి మెట్లదారి. మెట్లని పేరే గానీ సగానికి పైగా వానలకు కొట్టుకుపోయి, మిగిలినవి మేకలకే అనువుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు చేతికర్ర వెంట తెచ్చుకోవడం మంచిది. పైకి చేరినవారికి కూలిన బురుజులు, కప్పు లేని ధాన్యపు కొట్లు, బండ నడుమ ఎండాకాలంలోనూ ఇంకని నీటిదొన కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ కోటను ఏలిన దొరగారి నగరు ఉన్నచోట ఇప్పుడు బోదగడ్డి తప్ప మరేమీ లేదు. ఫోటోల కోసం వచ్చే కుర్రకారు ఆ బురుజులెక్కి కేరింతలు కొడుతుంటారు. కొట్టనివ్వండి, పాడుబడ్డ కోటకు మనుషుల సందడి కంటే కావలసిందేముంది! గోడల మీద మేకులతో పేర్లు చెక్కే మహానుభావులకు మాత్రం విడిగా ఒక దండం.

కోట పెద్దవాకిలికి తలుపులు ఏనాడో పోయాయి. దాని పక్కనే, మనిషి తల వంచుకుని దూరేటంత చిన్న ద్వారం ఒకటి ఉంది. పెద్ద తలుపులు మూసిన తరువాత రాకపోకలకు వాడే ఈ చిన్న వాకిలిని దిడ్డి అంటారు. ఆ దిడ్డి గడపలోనే అమ్మ వెలసింది. అందుకే దిడ్డెమ్మ.

అమ్మ మూర్తిని చూసినవారు మొదట తెల్లబోతారు. ఒక పాదం గడప లోపల, ఒక పాదం వెలుపల. కుడిచేయి ద్వారబంధం మీద. చూపు దిగువ దారి మీద. భక్తుడు వచ్చేదాకా గర్భగుడిలో కదలక కూర్చునే దేవతలను మనం ఎరుగుదుము. ఈ తల్లి వచ్చేవారికి ఎదురొచ్చి నిలబడింది. చివరి మలుపు తిరగగానే మనం ఆమెను చూడకముందే ఆమె మన ముఖం చూస్తుంది. ఆ మలుపులో ఆగి, ఎంతటివారైనా సరే, "నేను కాదమ్మా, వెనక వస్తున్నాడు" అని చెప్పి గాని అడుగు ముందుకు వేయరాదు. కొత్తగా వచ్చినవారు ఈ మాట విని ముక్కున వేలేసుకుంటారు. వచ్చేవాడు ఎవడు, ఎందుకు రావాలి, అన్నదే ఈ క్షేత్ర మహిమ.

పూర్వం ఇక్కడ చిట్టమనాయకుడనే దొర కోట కట్టుకుని చుట్టుపక్కల సీమను ఏలేవాడు. దుర్గానికి కాపలా బోయలది. మగవారు బురుజుల మీద ఉండేవారు. దిడ్డి గడియ మాత్రం ఆడవారి చేతిలో ఉండేది. ఇంటి వాకిలి తెలిసినవాళ్ళకే కోట వాకిలి తెలుస్తుందని ఆ కాలపువారి నమ్మకం. అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తూ వస్తూ ఆ గడియ తిప్పక్క అనే ఇల్లాలికి వచ్చింది. ఆమె మగడు కాటన్న. అడవిదారులు ఎరిగినవాడు, నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాడు, సంగటి ముద్ద కనబడితే లోకం మరిచేవాడు. వారికి పిల్లలు లేరు. ఒకరికొకరే పిల్లలన్నట్టు బతికేవారు.

ఒక ఏడు పొరుగు దొరలు ఏకమై కొండను చుట్టుముట్టారు. అడవికి ఆవలనున్న మిత్రుల కోటకు కబురు పంపితే తప్ప గతి లేదు. ఆ పనికి కాటన్న ముందుకు వచ్చాడు. దిడ్డిలోనుంచి వంగి వెలుపలికి పోతూ పోతూ, "తిరిగొచ్చినాక కౌజుపిట్ట కూత కూస్తా. ఆ కూత విని తీద్దువు" అని పెళ్ళాంతో చెప్పాడు. తిప్పక్క తలూపింది. ఏడవలేదు. గడప దాటేవాడి వెనక ఏడవకూడదు గదా!

అతడు వెళ్ళిన తరువాత ఒక ఘోరం జరిగింది. కొండ వెనకవైపున్న మరో దిడ్డి దగ్గర శత్రువులు మనవాళ్ళ గొంతుతో పిలిచారు, మనవాళ్ళ గుర్తులే చెప్పారు. నమ్మి తలుపు తీసిన ఇల్లాలు అక్కడికక్కడే కూలిపోయింది. వాళ్ళను వెళ్ళగొట్టేసరికి ఎందరో బోయవీరులు నేలకొరిగారు. చిట్టమనాయకుడు మండిపడ్డాడు. పొద్దు గుంకినది మొదలు పొద్దు పొడిచేదాకా ఎవరు పిలిచినా, ఏ గుర్తు చెప్పినా, "చివరికి నా గొంతే వినిపించినా" దిడ్డి తీయరాదని ఆజ్ఞ వేశాడు. తిప్పక్క చేత గడియ మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆ ఒట్టు పచ్చిగా ఉండగానే, ముసురు పట్టిన ఒక సాయంకాలం, దీపాలు పెట్టే వేళకు, తలుపు అవతల కౌజుపిట్ట కూసింది.

"ఎవరు?" అంది తిప్పక్క. ఎవరో ఆమెకు తెలియదా!

"నేనే తిప్పీ. చెప్పాల్సింది చెప్పొచ్చినా. తెల్లారేసరికి దండు దిగుతాది. తలుపు తీ, తడిసి ముద్దయినా."

"తీయలేను మామా. గడియ మీద ఒట్టేసినా. నువ్వేనని నాకు తెలుసు. తెలిసినా తీయకూడదంట."

 వాన చప్పుడు మధ్య కాటన్న గొంతు మెల్లగా వినిపించింది.

"దొర మాటా?"

"ఊఁ."

"అట్లయితే తీయొద్దులే. లోపల ఇంతమంది పిల్లాజెల్లా ఉండారు. పొద్దు పొడిచినాక తీద్దువు. సంగటి ఉంచినావా?"

"ఉంచినా. ఉట్టి మీదుంది."

"సల్లారిపోతాదే."

"వేడి చేసి పెడతాలే మామా. ఆ బండ కింద దాక్కో."

చెక్క తలుపుకు ఈవల చెంప ఆనించి తిప్పక్క కూర్చుంది. ఆవల అతడు ఉన్నాడో లేడో అడగడానికి కూడా భయపడింది. మాట పైకి వినిపిస్తే శత్రువుకు జాడ తెలుస్తుందని భయం.

పొద్దు పొడిచింది. మిత్రుల దండు దిగింది, శత్రువులు చెట్టుకొకరు పుట్టకొకరు పారిపోయారు, కోటంతా నగారాలు మోగాయి. తిప్పక్క దిడ్డి తీసింది. గోడకు ఆనించిన చేతికర్ర ఉంది. మనిషి లేడు. అడుగుల జాడను వాన కడిగేసింది. లోయలు, గుహలు గాలించారు. పులి ఎత్తుకుపోయిందన్నారు కొందరు, శత్రువులు పట్టుకుపోయారన్నారు కొందరు. తిప్పక్క ఎవరి మాటా చెవిన పెట్టలేదు. "పొద్దు పొడిచినాక తీద్దువన్నాడు. తీసినా. వస్తాడు" అంది.

ఆనాటి నుంచి ఆమె దిడ్డి మూయలేదు. మెట్లెక్కి ఎవరు వస్తున్నా గబగబా ఎదురుపోయి ముఖంలో ముఖం పెట్టి చూసేది. కాదని తెలిసి ఉసూరుమని వచ్చి గడపలో కూలబడేది. సాయంత్రం సంగటి ముద్ద చేసి గడప అవతల పెట్టేది, తాను మాత్రం ముట్టేది కాదు. మనిషి చిక్కి సగమయింది. అయినవాళ్ళు బతిమాలారు, తిట్టారు, విసిగి ఊరుకున్నారు.

అట్లా ఉండగా ఎద్దుల మీద ఉప్పు పెరికె సంచులు వేసుకుని ఎరుకల అవ్వ ఒకతె కొండెక్కి వచ్చింది. తిప్పక్క ఎప్పటిలాగే పరుగున వచ్చి ముఖం చూసింది. అవ్వ ఆ కళ్ళు చూసింది, ఎండిన ఆ పెదవులు చూసింది. ఊరూరా సోదె చెప్పే నోరు కదా, క్షణం తడుముకోలేదు.

"నేను కాదు తల్లీ. వెనక వస్తాండాడు. ముందు నువ్వు ఇంత తిను. ఆకలితో వచ్చినోడికి నువ్వు కూడా పడిపోయి కనబడితే, వాడు తినేదెప్పుడు, నీకు పెట్టేదెప్పుడు?"

ఆ పూట తిప్పక్కకు ముద్ద దిగింది. అది చూసి కోటలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తరువాత కట్టెలు మోసుకొచ్చినవారు, పాలు తెచ్చినవారు, దొర కొలువుకు వచ్చినవారు, ఎవరు మెట్లెక్కినా ఆ మాటే చెప్పి పైకి వచ్చేవారు. ఆమె నమ్మిందో, నమ్మినట్టు ఉందో ఆ పరమాత్మకే తెలియాలి. తినడం మాత్రం మానలేదు.

కొన్నేళ్ళకు కోట సేనకు కొత్త దళవాయి వచ్చాడు. నిక్కచ్చి మనిషి. నిజమే పలుకుతాడని పేరు. ఎదురొచ్చి ముఖం చూసిన తిప్పక్కతో, "ఎవరూ రావడం లేదు. చచ్చినవాడు కొండెక్కుతాడా?" అన్నాడు. నిజం చెప్పేవారికి ఆ నిజం ఎక్కడ చెప్పాలో కూడా తెలిస్తే ఎంత బాగుండును! తిప్పక్క లోపలికి నడిచి, అన్నేళ్ళుగా తీసి ఉన్న దిడ్డి తలుపు లాగి, గడియ బిగించి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు.

ఆ మర్నాడే చిట్టమనాయకుడు వేటకు పోయి పొద్దు గుంకినాక తిరిగి వచ్చాడు. పెద్దవాకిలి ఆయన కట్టడి ప్రకారమే మూసి ఉంది. దిడ్డి తట్టాడు. ముసురు పట్టింది.

"తిప్పక్కా, నేను, చిట్టమనాయకుణ్ణి."

"దొర గొంతు నాకు తెలుసు. తెలిసినా తీయకూడదని దొరే చెప్పినాడు" అని లోపలి నుంచి నీరసంగా వినిపించింది.

పై నుంచి కాపలావారు తాళ్ళు వదలబోతే దొర చెయ్యెత్తి వద్దన్నాడు. కాటన్న కర్ర ఆనించి పోయిన గోడకే ఆనుకుని నిలబడ్డాడు. వాన మెడ మీదుగా కారుతోంది. లోపల దీపాల వెలుగు తలుపు సందుల్లో కనిపిస్తోంది. తన మాట నిలబెట్టడం కోసం ఒక మనిషి ఇక్కడ ఇట్లాగే నిలబడి, తీయొద్దులే అన్నాడని ఆయనకు ఆ వేళ ఒంటికి తెలిసింది. తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు. చెక్కకు నోరు దగ్గరగా చేర్చి, దొరతనమంతా విడిచిన గొంతుతో అన్నాడు.

"తిప్పక్కా, నేను కాదమ్మా. వెనక వస్తున్నాడు."

చాలాసేపటికి గడియ కదిలింది. తిప్పక్క తలుపు తీసి, దొర ముఖం చూడకుండా ఆయన భుజం మీదుగా దిగువకు చూసింది. "అయితే తీసే ఉంచుతా" అంది. ఆ పూట దొర కూడా ఆ గడపలోనే కూర్చుని ఆమె చేతి సంగటి తిన్నాడు. తెల్లవారగానే వడ్రంగులను పిలిచి దిడ్డి తలుపు ఊడబీకించి లోయలో వేయించాడు. తలుపు లేని కోట ఏమి కోట అని దళవాయి గొణిగితే, "కాపలా పెంచుకో" అన్నాడు. ఏలికైనవాడు అబద్ధమాడవచ్చునా అని ఇప్పటికీ తర్కించే పండితులున్నారు. వారితో వాదం మనకెందుకు.

తిప్పక్క తల నెరిసింది, నడుము వంగింది. దొర పోయాడు, దళవాయి పోయాడు. ఒక సాయంకాలం ఆమె సంగటి ముద్ద గడప అవతల పెట్టి వెనుదిరగబోతుండగా, దిగువ పొదల్లో కౌజుపిట్ట కూసిందట. "ఇంతసేపా మామా!" అని ఆమె అన్న మాట దొన దగ్గర నీళ్ళు ముంచుకుంటున్నవారు విన్నారు. దివిటీతో వచ్చి చూసేసరికి గడపలో శిల నిలిచి ఉంది. సంగటి పెట్టిన ముంత ఖాళీగా ఉంది.

ఆనాడే ఆమె మేనకోడలికి కలలో కనబడి, తనకు గోపురం కట్టవద్దనీ, తలుపు పెట్టవద్దనీ, కొండెక్కేవారు ఆ పాతమాట మానవద్దనీ చెప్పింది. "మామ వచ్చినాడు కదా అత్తా, ఇంకా ఆ మాట ఎందుకు?" అని మేనకోడలు అడిగింది. దానికి అమ్మ, "ఎదురుచూసేది నేనొక్కదాన్నే అనుకున్యావా?" అన్నదట. మామ వచ్చాడో లేదో మాత్రం చెప్పలేదు.

నేటికీ ఆ మేనకోడలి వంశంలోని ఆడవారే ఇక్కడ పూజ చేస్తున్నారు. ఇప్పటి పూజారిణి సుంకులమ్మ. మలుపులో మాట చెప్పకుండా వచ్చినవారిని, "ఏం నాయనా, నోట్లో ముద్దుందా?" అని వెనక్కి పంపే మనిషి. నైవేద్యం రాగిసంగటి. దాన్ని గడప అవతల పెట్టి, తరువాత అందరికీ పంచుతారు. అడవిలో తప్పిపోయినవారి తల్లులు, దండులో చేరి జాడ తెలియనివారి భార్యలు, ఏ ఊరికి పోయాడో తెలియని తమ్ముడి కోసం తిరిగే అన్నలు ఈ గడపకు వస్తారు. పోయినవారు తిరిగి వస్తారని దిడ్డెమ్మ ఎవరికీ మాట ఇవ్వదు. ఆమె చేతి ముద్ద తిన్నవారికి మాత్రం, ఎంత దిగులున్నా, ఇంటికి పోయాక అన్నం సహిస్తుంది. ఈ క్షేత్ర ఫలం ఇంతే. ఎదురుచూసేవారికి ఇది చాలు.

పొద్దు గుంకే వేళకు యాత్రికులందరూ దిగిపోతారు. సుంకులమ్మ చివరగా దీపం పెట్టి, ముంత చేతబట్టుకుని మలుపు దాకా దిగుతుంది. అక్కడ ఆగి, అమ్మ వైపు తిరుగుతుంది. వెనక దారి మీద పిట్ట కూడా ఉండదు. అయినా రోజూ చెప్పినట్టే చెబుతుంది.

"నేను కాదమ్మా. వెనక వస్తున్నాడు."

చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నం వేళకు ఇంటికి దిగిపోతుంది.