అవ్వ చెట్టు, అవ్వ పిలుపు

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున ఒక మద్దిచెట్టు. ఆ చెట్టు ఒక ముసలి కాకమ్మది. పోయేముందు ఆ అవ్వ తన మనవడు బొగ్గన్నను దగ్గరికి పిలిచింది.

“ఒరే అయ్యా, ఈ చెట్టు నీదిరా. మన కాకుల పిలుపు కూడా నీదే. మెతుకు దొరికితే కావ్‌మని నలుగురినీ పిలిచాకే ముట్టాలి. రెండూ జాగ్రత్త!” అంది.

బొగ్గన్నకు మొదటి మాటే చెవికెక్కింది. “చెట్టు నాదే!” అని కొమ్మకొమ్మా తిరిగి చూసుకున్నాడు.

ఒకనాడు జొన్నకంకులు దొరికాయి. ఎవర్నీ పిలవలేదు. చెట్టు తొర్రలో దాచాడు. ఇంకోనాడు ఏరు ఎండి చేపలు దొరికాయి. అప్పుడూ పిలవలేదు. మూడోసారి, వనభోజనాలకొచ్చిన ఊరివాళ్లు విస్తళ్లలో బోలెడంత పులిహోర వదిలిపోయారు. అబ్బో, అడవిలోని కాకులన్నిటికీ సరిపోయేంత! బొగ్గన్న కిక్కురుమనకుండా తొర్ర నింపుకున్నాడు.

అప్పుడే కుంటి బాబాయ్ వచ్చి కొమ్మ మీద వాలాడు. ఆయన ముసలి కాకి.

“ఏరా బొగ్గన్నా, పొద్దుట్నుంచీ కడుపులో ఏమీ పడలేదురా. ఎక్కడైనా మెతుకు కనబడిందా?”

“ఎక్కడిది బాబాయ్! నేనూ పస్తే,” అన్నాడు బొగ్గన్న.

ముక్కు మీద పచ్చటి మెతుకు అంటుకునే ఉంది. బాబాయ్ దాన్ని చూశాడు. ఆకలితోనే ఎగిరిపోయాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్లను చూశాం గానీ, కాకే అలా తయారైతే ఏం చెప్పేది పిల్లలూ!

తొర్రలో తిండికి ఎలుకలు చేరాయి. ఎలుకల కోసం పాము వచ్చింది. ఎలుకలు అయిపోయాక అది తల పైకెత్తి చూసింది. పైన గూట్లో బొగ్గన్న పిల్ల ఉంది. ఇంకా రెక్కలైనా రాలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! బొగ్గన్న ప్రాణాలకు తెగించి పాము తల మీద పొడిచాడు. అది బుస్సుమంటూ పైకే పాకింది. ఒక్కడి వల్ల అయ్యే పనా అది?

పిలవాలి. కానీ ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? ఇంతలో పిల్ల కీచుమంది. “కావ్! కావ్! కావ్!” అని అరిచేశాడు.

ఎక్కడెక్కడి కాకులూ వచ్చేశాయి. అందరికంటే ముందొచ్చింది కుంటి బాబాయే. తలా ఒక పోటు పొడిచేసరికి పాము కింద పడి, పొదల్లోకి పారిపోయింది. పిల్ల బతికింది.

బొగ్గన్న తల ఎత్తలేకపోయాడు. “బాబాయ్, ఆ రోజు నీతో అబద్ధమాడాను. నా ముక్కు మీద మెతుకు నువ్వు చూశావు. అయినా ఎందుకొచ్చావు?” అన్నాడు.

“పిలిస్తే రావాలని మాకు నేర్పింది మీ అవ్వేరా. చెట్టు నీ ఒక్కడికిచ్చింది. పిలుపు మనందరికీ ఇచ్చింది. నీకిచ్చింది నువ్వు దాచుకున్నావు. మాకిచ్చింది మేం నిలబెట్టుకున్నాం,” అన్నాడు బాబాయ్.

అంతకన్నా నాలుగు పోట్లు పొడిచినా బాగుండేదనిపించింది బొగ్గన్నకు.

మర్నాడు ఏటి ఒడ్డున చిన్న రొట్టెముక్క కనబడింది. బొగ్గన్న తల దించుకునే “కావ్” అన్నాడు. అందరూ వచ్చారు. బాబాయ్ తినేదాకా వాడు ముట్టలేదు. ఆ పచ్చ మెతుకు ఏనాడో రాలిపోయింది. అయినా బొగ్గన్న ముక్కును కొమ్మకేసి రుద్దుకుంటూనే ఉన్నాడు.

నీతి: పెద్దల ఆస్తి అడక్కపోయినా చేతికొస్తుంది. పెద్దల ఆచారం మాత్రం పాటించినవాడికే దక్కుతుంది.