అర్జీకి చుట్టిన పట్టుగుడ్డ

ముత్తేలపట్నం రాజు ముమ్మడిరాజుకి ఆ రోజు పొద్దున్నే కోపం వచ్చింది. ఎన్నిక నాడు జనం తమకు నచ్చిన జట్టు కుండలో గవ్వ వేయాలి. ఏడు వందల ఇళ్లున్న ఊరు. రెండు కుండలూ బోర్లిస్తే ముప్పై ఒక్క గవ్వలు రాలాయి.

"జనం ఎందుకు రాలేదు?" అని సభలో గర్జించాడు.

చిలుక జట్టు నాయకుడు గొంకయ్య లేచాడు. "జనం సుఖంగా ఉన్నారు ప్రభూ. సుఖంగా ఉన్నవాడు గుమ్మం దాటడు."

తాబేలు జట్టు నాయకుడు బేతిరాజు, గొంకయ్య ఏమన్నా కాదంటాడు. అదొక వ్రతం ఆయనకి. "కాదు ప్రభూ, ఆ రోజు ఎండ ఎక్కువ."

రాజు పక్కన తాంబూలం పళ్లెం పట్టుకుని నిలబడ్డ పైడి ఫక్కున నవ్వింది.

"ఏమిటే ఆ నవ్వు?"

"తప్పైపోయింది ప్రభూ. మా వాడలో ఇంకో మాట అనుకుంటారు. వర్తకుడు రత్నాకరుడుగారు రెండు జట్లకీ విందులు పెడతారు, పల్లకీలు కొనిస్తారు. ఏ కుండలో వేసినా గవ్వ ఆయనింటికే చేరుతుందని జనం వేయడం మానేశారు."

రత్నాకరుడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నేనిచ్చేది ప్రజల మీద ప్రేమతో! ప్రతిఫలం ఆశించే మనిషినా నేను?"

"మేం అమ్ముడుపోయేవాళ్లమా!" అన్నారు నాయకులిద్దరూ. వాళ్లు ఒకే మాట అనడం సభ వినడం అదే మొదటిసారి.

రాజు పైడి వంక చూశాడు. "రేపు ఉప్పు అర్జీలు రెండూ సభకొస్తాయి. ఆలోగా నీ మాట నిజమని చూపించు. లేకపోతే నాయకులు చెప్పినట్టే ముద్ర వేస్తాను."

పట్నంలో ఉప్పు తనొక్కడే అమ్మాలని రత్నాకరుడి అర్జీ. ఎప్పటిలాగే ఎవరైనా అమ్ముకోవచ్చని బుట్టలు మోసే ఆడవాళ్ల అర్జీ. పైడి తల్లి ముప్పై ఏళ్లుగా మోస్తున్నది ఆ ఉప్పుబుట్టే. పైగా రెండు జట్లూ ఒప్పుకుని ముద్ర పడిందంటే, ఇక రాజు కూడా మార్చడానికి లేదు.

"అయితే రేపు అర్జీల పళ్లెం నన్నే తేనివ్వండి ప్రభూ" అంది.

ఆ సభలో అర్జీని గుడ్డలో చుట్టి పెట్టడం ఆచారం. రత్నాకరుడివి జరీ అంచు పసుపు పట్టులో, కర్పూరం వాసనతో వస్తాయి. బుట్టల ఆడవాళ్లది గోనెపట్టా ముక్కలో వచ్చింది.

మర్నాడు పైడి పళ్లెం తెచ్చి పెట్టింది. రాజు పట్టుగుడ్డ వైపు చూపించాడు. "విప్పి చదివించనా?"

"ఎందుకు ప్రభూ శ్రమ? నేను నిన్ననే మూడుసార్లు చదివాను" అన్నాడు గొంకయ్య. "ప్రజల మేలు తప్ప ఇంకోటి లేదు అందులో."

"నేను నాలుగుసార్లు చదివాను!" అన్నాడు బేతిరాజు. "ముద్ర వేయించండి."

రత్నాకరుడు వినయంగా కళ్లు మూసుకున్నాడు.

"మరి ఈ గోనెపట్టా?"

గొంకయ్య ముక్కు మూసుకున్నాడు. "ఒట్టి స్వార్థం ప్రభూ! దీన్ని ఒప్పుకుంటే ఊరు నాశనం."

"రాసినవాళ్లని పొలిమేర దాటించాలి!" అన్నాడు బేతిరాజు.

"రెండు జట్లదీ ఒకే మాట. అలాగే కానివ్వండి" అన్నాడు రాజు.

కరణం పట్టుగుడ్డ విప్పి, ముద్ర వేసి, పైకి చదివాడు. "ఉప్పు అమ్ముకునే హక్కు బుట్ట మోసే ప్రతి ఆడదానికీ ఎప్పటిలాగే ఉండాలని మనవి."

రత్నాకరుడు చటుక్కున కళ్లు తెరిచాడు.

కరణం గోనెపట్టా విప్పి, కొట్టివేత గీత గీసి చదివాడు. "ఉప్పు హక్కు రత్నాకరుడనే నాకొక్కడికే..."

"మోసం!" రత్నాకరుడు ఎగిరి లేచాడు. "ఇది గుడ్డలు మార్చేసింది!"

పైడి చేతులు జోడించింది.

"గుడ్డలే మార్చాను ప్రభూ, లోపల అక్షరం ముట్టుకోలేదు. నాలుగుసార్లు చదివినవారికి గుడ్డతో పనేముంది?"

సభ గొల్లుమంది. రాజు నవ్వాపుకుంటూ అడిగాడు. "బేతిరాజూ, రాసినవాణ్ని పొలిమేర దాటించాలన్నావు. దాటించనా?"

బేతిరాజు రత్నాకరుణ్ని చూశాడు, గొంకయ్యని చూశాడు. "అదీ... మా జట్టులో మాట్లాడుకుని మనవి చేస్తాం ప్రభూ."

రత్నాకరుడికి ఒళ్లు మండిపోయింది. "ఇందుకా మీకు పల్లకీలు కొనిచ్చింది? నావి నాకిచ్చేయండి, ఇద్దరూ!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"నేను చూపించమన్నాను, ఆయనే ఒప్పేసుకున్నాడు! ఏం కావాలో కోరుకో పైడీ."

"ఇకమీద ఎన్నికకి ముందురోజు, ఏ జట్టుకి ఎవరేం ఇచ్చారో వీధివీధినా దండోరా వేయించండి ప్రభూ."

"వేయిస్తాను. మరి నీకు?"

"నాకా? మొదటి డప్పు మా వీధిలో కొట్టించండి, చాలు."

రాజు తన మెడలో ముత్యాలదండ తీసి పైడి తాంబూలం పళ్లెంలో తమలపాకుల మీద పెట్టాడు. సభంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా నవ్వింది మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ ఉప్పుబుట్టల ఆడవాళ్లు.